రెండున్నర గీత

దేవనాథన్ గరాటు తీసి పక్కన పెట్టి, వాన డబ్బాలోంచి సీసా బయటికి తీశాడు. అడుగున నీళ్ళు కదిలాయి. ఇరవై రోజులుగా ఎండిన సీసానే తీసి మళ్ళీ ఎండిన సీసానే పెడుతున్న ఆయనకు ఆ చప్పుడు ముద్దొచ్చింది. గడియారం చూసుకున్నాడు. ఎనిమిదిన్నరకు ఇంకా రెండు నిమిషాలున్నాయి. ఆ రెండు నిమిషాలూ సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఏర్పేడు దాటాక వచ్చే ఒక చిన్న మండలాఫీసు ఆవరణలో వాన కొలవడం ఆయన పని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. అన్నదమ్ములు తిరుపతి గుళ్ళలో తీర్థం ఇస్తుంటే ఈయన చేతికి ఈ డబ్బా దక్కింది. అరవై నాలుగేళ్ళ సన్నటి మనిషి, నుదుట తిరునామం, జేబులో నీలం పెన్ను. ఆదివారమైనా పండగైనా, భార్య వకుళాదేవి పోయిన మర్నాడైనా ఎనిమిదిన్నరకు ఇక్కడే ఉన్నాడు. పిచ్చి కాకపోతే ఏమిటి మరి. కొలిచిన నీళ్ళు పారబోయడానికి మనసొప్పక, ఆమె నాటిన కనకాంబరం మొదట్లో పోస్తాడు.

ఈరోజు ఆదివారం, ఆఫీసుకు సెలవు. అయినా ప్రహరీ దగ్గర సుందరరాజు వచ్చి నిలబడ్డాడు. మూడెకరాల వేరుశెనగ రైతు. చేతిలో పీకిన చెట్టొకటి ఉంది. మట్టిలోకి దిగి కాయలు కావాల్సిన దాని ఊడలు దిగకుండానే మాడిపోయాయి.

"రేత్రి పడిందాన్ని వాన అంటారా సామీ? పైపైన తడిపి పోయినాది. వేరుకు అందలే."

"ఎంత పడినాదో గ్లాసు చెప్తాది సుందరా. నేను కాదు."

ఇద్దరికీ సంగతి తెలుసు. ఇరవై ఒక్క రోజులు వరసగా ఏ రోజూ రెండున్నర మిల్లీమీటర్లు పడకపోతే దాన్ని డ్రై స్పెల్ అంటారు. అది నిండితేనే మండలం పేరు కరువు జాబితాకు వెళుతుంది, మళ్ళీ విత్తనాలు వస్తాయి. ఇవాళ ఇరవై ఒకటో రోజు.

"రెండున్నర అని రాస్తివా, రేపట్నించి మళ్ళా ఒకటో రోజు. అంతవరకు మేం నిలస్తామా? రవ్వంత తగ్గించు సామీ. ఒక్క చుక్క."

"ముప్ఫై ఒక్క ఏండ్లు రాసినాను. ఒక్క చుక్క దాచలే, ఒక్క చుక్క కలపలే."

సుందరరాజు కోప్పడలేదు. ఎండిన చెట్టును గోడ మీద పెట్టి, తల దించుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది దేవనాథన్‌కు.

సీసాలో నీళ్ళు కొలత గ్లాసులోకి వంచాడు. గ్లాసును గోడ మీద పెట్టి, కళ్ళు నీటి మట్టానికి వచ్చేదాకా మోకాళ్ళు వంచాడు. నీటి వంపు సరిగ్గా రెండున్నర గీతను తాకుతోంది. మళ్ళీ చూశాడు. అద్దాలు తుడుచుకుని మూడోసారి చూశాడు. గీత మీదే ఉంది.

పెన్ను తీశాడు. రాయలేకపోయాడు.

మొదటి ఏళ్ళలో శిక్షణకు పిలిచినప్పుడు ఒక వాతావరణం ఆఫీసరు చెప్పాడు, పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యన నీళ్ళు ఓ డిగ్రీ వేడెక్కితే చాలు, మన మబ్బులు దారి తప్పుతాయని. "ఆడెక్కడో నీళ్ళు కాగితే ఈడ మా శెనక్కాయ ఎందుకు సార్ ఎండాల?" అని అడిగాడీయన. అందరూ నవ్వారు. ఈ ఏడూ రేడియోలో అదే మాట, సముద్రం వేడెక్కింది అని.

దేవనాథన్ సముద్రాన్ని చూసింది ఒక్కసారే, తడ అవతల, పెళ్ళయిన కొత్తలో. వకుళ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలో చెయ్యి పెట్టింది. "గోరువెచ్చగా ఉండాది, సూడండి" అంది. ఆయన చూడలేదు, ఆమెను చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు అరుగు మీద కూర్చుని కళ్ళు మూస్తే ఆ నీళ్ళే కనిపించాయి. ఆ వెచ్చదనం మీదినించి మబ్బులు మెల్లగా లేచి, వేరే ఎవరి ఊరికో పోతున్నాయి. ఇలాంటి ఏళ్ళలో శ్రావణం మోసం చేసినా కార్తీకంలో మబ్బులు తిరిగి రావడం ఆయన చాలాసార్లు చూశాడు. కార్తీకం దాకా సుందరరాజు ఏం తినాలి?

కళ్ళు తెరిచాడు. తప్పు అంకె రాయడం ఆయనకు చేతకాదు. అందుకని లేచి గ్లాసు తీసుకుని, నీడలోంచి జరిపి, ప్రహరీ మీద ఎండ పడే చోట పెట్టాడు. అంతే చేశాడు. శ్రావణపు ఎండ, పైగా పడమటి గాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో చేసిన మొదటి తప్పు అది, ఆయనకు తెలుసు. మనసు తేలికపడింది, సిగ్గూ వేసింది. కాసేపు చూద్దామని అరుగు మీద గోడకు చేరబడ్డాడు. ఎడమ చెయ్యి బరువుగా ఉంది. సముద్రం మళ్ళీ వచ్చింది, ఈసారి పాదాల దాకా. ఆయన వంగి చెయ్యి పెట్టి చూశాడు. వకుళ చెప్పింది నిజమే.

పన్నెండు గంటలకు ఆఫీసు ఊడ్చే మునిరత్నమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. "సామీ" అని పిలిచింది. దగ్గరికొచ్చి భుజం తట్టింది. చెంబు కింద పెట్టి ఆయన పక్కనే కూలబడి ఏడ్చింది. ఆమెకు అంకెలు నేర్పింది ఆయనే.

ఆయన జేబులో ఫోను మోగింది. జిల్లా ఆఫీసు నుంచి, ఇంకా వాన అంకె రాలేదని. మునిరత్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గోడ దగ్గరికి పోయి, ఆయన నేర్పినట్టే కళ్ళు నీటి మట్టానికి వచ్చేదాకా మోకాళ్ళు వంచి చూసింది.

"రెండు పాయింట్ నాలుగు సార్" అంది. ఆ తర్వాత, "సామి ఇంక లేడు" అని చెప్పింది.

పది రోజులకు ఆ మండలం పేరు జాబితాలో వచ్చింది. సుందరరాజు ఆ కబురు చెప్పుకోవడానికి ఆఫీసుకు వచ్చి, వాన డబ్బా దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. గోడ మీద కొలత గ్లాసు అక్కడే ఉంది, అడుగున నీళ్ళు ఎండిపోయిన మరకతో. ఆ నీళ్ళు కనకాంబరం మొదట్లో పోయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.