ఎర్రగీత మీది ముల్లు

దేవరాజులు ఆ వాను కొన్నప్పుడు తిరుత్తణి సాలెవీధిలో నవ్వనివాళ్ళు లేరు. ఎవరో దొరలు ఇంగ్లండు నుంచి రోడ్డు మీదే తోలుకొచ్చి, మద్రాసులో వదిలించుకుని విమానమెక్కిన బండి అది. లోపల పడుకునే బల్ల, వంటకు చిన్న స్టవ్వు, చేతులు కడుక్కునే తొట్టి. నవ్విన నాపచేనే పండుతుందంటారు కదా! చీరల మూటలేసుకుని సంతలు తిరిగే నేతగాడికి ఇల్లూ అంగడీ మంచమూ అన్నీ ఆ బండే అయింది.

ఆ చిత్తిర నెల ఎండలో మాత్రం వానులో మూటలు లేవు. బల్ల మీద తల్లి కుప్పమ్మ పడుకుని ఉంది. ఆమె గుండెల మీద పసుప్పచ్చ చీర ఒకటే ఉంది. తిరువళ్ళూరులో అక్క సరసమ్మ గుండె పట్టేసి పోయిందని పొద్దున కబురు వచ్చింది. పుట్టింటి చీర కప్పందే ఆడకూతుర్ని ఎత్తరు. పొద్దు గూకితే ఇంట్లో ఉంచరు. కబురు తెచ్చిన మనిషి ఈ రెండు మాటలూ చెప్పి మరీ వెళ్ళాడు.

కుప్పమ్మకు తుంటి విరిగి ఏడాదైంది. రైల్లోనో బస్సులోనో కూర్చోలేదు. అందుకే వాను. మధ్యాహ్నం బయల్దేరితే గంటన్నర దారి, ఎంత మెల్లగా పోయినా ఎండ ఉండగానే చేరాలి.

కనకమ్మసత్రం దాటగానే ఇంజను వేడి చూపించే ముల్లు ఒక్క ఊపున ఎర్రగీత ఎక్కింది. దేవరాజులు భయపడి బండిని చింతచెట్టు కిందికి తిప్పి ఆపేశాడు.

అతని భయానికి కారణం ఉంది. కిందటేడు అరక్కోణం దారిలో ఇదే ముల్లు ఎర్రగీత దాటితే లెక్కచెయ్యకుండా తోలాడు. ఇంజను పాడయింది. రేడియేటరు మూత తెరవబోతే ఆవిరి ఎగజిమ్మి మోచేతి దాకా బొబ్బలెక్కింది. ఆ రోజు వానులో సరసమ్మ కూడా ఉంది. కాలినచోట సిరా పోస్తూ, ఏడుస్తూ తిట్టింది. "ఇంకోతూరి ఆ ముల్లు ఎర్రగీత దాటినాక అడుగు ముందుకేసినావంటే నా మీద ఒట్టురా!" అంది. ఆ ఒట్టు పెట్టిన అక్క కోసమే ఇప్పుడు పోతున్నాడు. ఎట్లా తప్పుతాడు?

"ఏందిరా, నిలిపేసినావు?" అంది కుప్పమ్మ.

"బండి కాగిందమ్మా. చల్లారనీ."

అంతలో తిరువళ్ళూరు బస్సు వచ్చి ఆగింది. వానులో ముసలామెను, ఆమె గుండెల మీది చీరను చూసి కండక్టరుకు సంగతి తెలిసిపోయింది. "ఎనక సీటు ఖాళీగా ఉందన్నా. నలుగురం పట్టుకుంటే పండబెట్టేస్తాం, రాండి," అన్నాడు.

"పోదాం పా నాయినా," అంది కుప్పమ్మ.

"ఆ కుదుపులకి నీ తుంటి తట్టుకోదమ్మా. ఇంగ కొంచేపుంటే మన బండే పోతాది," అన్నాడు దేవరాజులు. బస్సు వెళ్ళిపోయింది. వినాశకాలే విపరీతబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దలు.

చల్లారాక కదిలారు. పాండూరు దగ్గర ముల్లు మళ్ళీ ఎక్కింది. మళ్ళీ ఆపాడు. చెట్ల నీడలు రోడ్డును దాటి పొలాల్లోకి పోతున్నాయి. కుప్పమ్మ చీర మడతలు విప్పి, మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పింది.

మూడోసారి బండి తీస్తే ఊరి మలుపైనా తిరగలేదు, ముల్లు ఎర్రగీత మీద కూర్చుంది. అప్పుడు తట్టింది దేవరాజులుకు. పొయ్యి మీద చెంబెడు నీళ్ళు పెట్టినా ఇంత తొందరగా కాగవే!

సీట్ల మధ్య ఉన్న ఇంజను మూత ఎత్తి, భయపడుతూ రేడియేటరు మీద చెయ్యి పెట్టాడు. గోరువెచ్చగా ఉంది. దాని మూత విప్పితే ఆవిరి లేదు, నీళ్ళు నిండుగా, కదలకుండా ఉన్నాయి. ఇంజను నుంచి ముల్లుకు పోయే తీగను ఊడబెరికి చూశాడు. ఇంజనుతో సంబంధం తెగినా ముల్లు దిగలేదు! తీగ వెంబడే వేళ్ళు పోనిచ్చి వెతికాడు. ఇనప పట్టీ రాసుకుని ఒకచోట తీగ పైతోలు ఊడిపోయి ఉంది. బండి కుదిపినప్పుడల్లా లోపలి రాగి ఇనుముకు తగులుతోంది, ముల్లు లేస్తోంది. ఇంజనుకు ఏ రోగమూ లేదు.

తువ్వాలు చించి తీగకు చుట్టి, తీగను మళ్ళీ తగిలించాడు. ముల్లు బుద్ధిగా కిందికి దిగింది. దాన్ని చూస్తే పెరికి పారెయ్యాలన్నంత కోపం వచ్చింది.

తిరువళ్ళూరు చేరేసరికి పొద్దు గూకింది. అక్క ఇంటి ముందు వీధంతా కడిగిన తడి. పొరుగింటి తంగమ్మ ఎదురొచ్చి వలవలా ఏడ్చింది.

"పొద్దు పడమటి అంచుకు దిగిందాకా మీ బావ ఎత్తనీలేదన్నా. 'వస్తారు, వస్తారు' అనే ఉన్నాడు. పెద్దోళ్ళు ఇంగ ఒప్పుకోలే. నా పెట్టెలో చీరే తీసిచ్చినాను. అది కప్పి ఎత్తినారు."

దేవరాజులు శ్మశానం వైపు పరుగెత్తబోయాడు. తంగమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "కొరివి పెట్టేసినారన్నా," అంది.

వాను తలుపు తీశాడు. కుప్పమ్మ అంతా విన్నది. కన్నబిడ్డ ముఖం కడసారి చూసుకోలేకపోయిన ఆ కళ్ళలో చుక్క నీరు లేదు.

"బండి అంతగా కాగిందా నాయినా?" అంది.

అవునని చెప్పేస్తే పోయేది. ఆ అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా. కానీ తల్లి ముఖం చూస్తూ చెప్పలేకపోయాడు.

"కాగలేదమ్మా. ముల్లు అబద్ధం చెప్పింది."

కుప్పమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ముల్లు చెప్తే చెప్పిందిలేరా. చిన్నప్పుడు మీకు ఒళ్ళు కాగిందంటే నేను చెయ్యి పెట్టి చూసేదాన్ని గదా. నువ్వు మొదట్లోనే ఒక్కతూరి చెయ్యి పెట్టి చూళ్ళేదా?"

దేవరాజులు వాను మెట్టు మీద కూలబడి, అక్కా అక్కా అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.