టీ చల్లారే కేసులు

బందరు కోర్టు ఆవరణలో, సైకిల్ స్టాండు పక్కన బల్ల వేసిననాడు దయామణి చేతిలో ఉన్న పెట్టుబడి ఒక కిరసనాయిలు స్టవ్వు, ఆరు గాజు గ్లాసులు, ఏడో తరగతిలో ఆగిపోయిన చదువు. ఇరవై రెండేళ్లు తిరిగేసరికి స్టవ్వు గ్యాసుదైంది. గ్లాసులు నలభై అయ్యాయి. చదువు ఓపెన్ స్కూల్లో పది దాటి, ఇప్పుడు నేరాల దాకా వచ్చింది. బకెట్లో గ్లాసు ముంచి తీసినప్పుడల్లా ఆమె పెదాలు కదులుతున్నాయి.

"దొంగతనం... వారంటు అక్కర్లేదు, బెయిలు జడ్జిగారిష్టం. పరువునష్టం... వారంటు కావాలి, బెయిలు హక్కు."

"ఏం లాయరమ్మా, టీ ఇస్తావా, అది కూడా వాయిదా వేస్తావా?" అన్నాడు వకీలు గుమాస్తా రాజబాబు.

"నోర్మూసుకుని తాగు. ధిక్కారం కింద పంచదార తగ్గించేస్తాను."

పొట్టి మనిషి. ఎడమ మణికట్టు మీద ఆవిరి కొట్టిన పాత మచ్చ. కళ్లజోడు ఒక కాడ విరిగితే దారంతో కట్టుకుంది. ఇవాళ మాత్రం గంజి పెట్టిన నీలం నేతచీర కట్టింది, దాని మీద తుండు అడ్డం కట్టుకుంది. పదకొండింటికి ఇంటర్వ్యూ. పేదవాళ్లకు చట్టం విడమరిచి చెప్పే పారా లీగల్ వాలంటీర్లను ఎంపిక చేస్తున్నారు. ఆ మాట తలచుకుంటే చాలు, పాలు పొంగినట్టు లోపల ఏదో పొంగుతోంది.

ఈ ఆవరణలోకి ఆమె మొదట వచ్చింది అమ్మడానికి కాదు. గిలకలదిండి రేవులో మూటలు మోసే భర్త విల్సన్, ఎవరితోనో తోపులాట పడి లోపలికి వెళ్లాడు. ఎవరో పోసిచ్చిన టీ చేతిలో పట్టుకుని ఆమె ఈ గోడకే ఆనుకుని సాయంత్రం దాకా కూర్చుంది. తాగనేలేదు. విల్సన్ తొమ్మిదో రోజున బయటికి వచ్చాడు. అప్పటికి రేవులో అతని చోటు ఇంకొకరిదైపోయింది. తర్వాత అతను నాలుగేళ్లే బతికాడు. అది హక్కుగా బెయిలు దొరికే కేసని, ఇద్దరు జామీనుదార్లుంటే ఆ పూటే ఇంటికి వచ్చేవాడని ఆమెకు తెలిసేసరికి పదహారేళ్లు పట్టింది. చెప్పింది టైపిస్టు పిచ్చేశ్వరరావు గారు.

ఆయనది గుడివాడ. రోజూ పొద్దుటి రైలుకు వచ్చి, వరండా చివర తెలుగు టైపు మిషను ముందు కూర్చుంటారు. ఆ రోజు నుంచి ఆయన ఆమెకు మాస్టారు. చట్టం కొత్తదై సెక్షన్ల నంబర్లన్నీ మారిపోతే, పాతవి ఒక వరుసలో, కొత్తవి ఒక వరుసలో పెద్ద అక్షరాలతో టైపు చేసి ఇచ్చారు.

ఆయన దగ్గర నేర్చుకోకముందు ఆమెకు సొంత లెక్క ఒకటుండేది. ముద్దాయి తాలూకు మనుషులు టీ వేడిగా తాగేసి వెళ్లిపోతే అది చిన్న కేసు. గ్లాసు చేతిలోనే చల్లారిపోతే పెద్ద కేసు. మాస్టారు విని నవ్వారు. "మొహం చూడకు దయామణీ, నంబరు చూడు," అన్నారు.

ఇవాళ రైలు వచ్చి గంటయినా ఆయన బల్ల ఖాళీగానే ఉంది. మిషను మీద రెక్సిన్ తొడుగు కూడా తీయలేదు. తర్వాతి బండికి వస్తారులే అనుకుంది.

పదింపావుకు ఒక ముప్పై ఏళ్ల ఆమె వచ్చి గోడకు ఆనుకుంది. టీ తీసుకుంది గాని తాగలేదు. మీగడ కట్టింది. దయామణి ఆ గ్లాసునే చూసింది. పెద్ద కేసే.

"ఏ ఊరమ్మా?"

"చిన్నాపురమండీ. నా పేరు కనకమహాలక్ష్మి. చేలోకి పారే బోదె నీళ్ల కాడ గొడవై మా ఆయన పక్కచేను ఆయన్ని చేత్తో కొట్టాడండీ, ఆయన్ని పోనివ్వకుండా దారికి అడ్డం నిలబడ్డాడంట. రాత్రి నుంచి స్టేషన్లోనే ఉంచారు. బస్సులో ఒకాయన మూణ్ణెల్లు బయటికి రాడన్నాడు."

"అయ్యో తల్లీ, ధైర్యంగా ఉండాలి మరి..." అని ఓదార్చబోయి, చటుక్కున ఆగింది. మొహం చూస్తోంది తను. "కాయితం ఏదైనా ఇచ్చారా?"

కొంగు ముడిలోంచి ఎఫ్ఐఆర్ నకలు వచ్చింది. దారం కట్టిన కళ్లజోడు సర్దుకుని చదివింది. నూట పదిహేనులో రెండు. నూట ఇరవై ఆరులో రెండు. టైపు కాగితంలో కొత్త వరుస మీద వేలు పెట్టి చూసింది: ఒకటి కొట్టడం, ఒకటి దారికి అడ్డం నిలబడటం. 

"ఏమ్మా, స్టేషన్లో నిన్నేం తెమ్మన్నారు?"

"జామీనో ఏదో అన్నారండీ. నాకర్థం కాలేదు."

"ఇవి రెండూ బెయిలిచ్చి తీరాల్సిన సెక్షన్లు! జడ్జిగారి దాకా రానక్కర్లేదు. మీ ఊళ్లో పూచీ ఉండే మనుషులిద్దర్ని ఆధార్ కార్డులతో తీసుకుని స్టేషన్‌కే వెళ్లు. అది ఎవరి దయా కాదు, మీ హక్కు. ఇదిగో నా ఫోను నంబరు."

కనకమహాలక్ష్మి కాగితాన్ని మళ్లీ కొంగున ముడేసుకుంది. తర్వాత దయామణి మళ్లీ పోసిచ్చిన వేడి టీని ఊదుకుంటూ మొత్తం తాగేసి, పరుగులాంటి నడకతో గేటు దాటింది.

పదకొండింటికి తుండు విప్పి పక్కన పెట్టి, గదిలోకి వెళ్లి నిలబడింది. బల్ల వెనక జడ్జి మేడమ్ గారు.

"నేరాలు ఎన్ని రకాలమ్మా?"

"మూడు జతలండీ. పోలీసులు వారంటు లేకుండా పట్టుకోగలిగేవి, పట్టుకోలేనివి. బెయిలు హక్కుగా దొరికేవి, జడ్జిగారి ఇష్టాన్ని బట్టి దొరికేవి. రాజీ పడనిచ్చేవి, పడనివ్వనివి. ఇంకా, టీ చల్లారేవి..." నాలుక కరుచుకుంది.

"అదేం రకం?"

చెప్పక తప్పలేదు. మేడమ్ గారు పెన్ను కింద పెట్టి విన్నారు. "అయితే టీ చల్లారితే నాన్‌బెయిలబుల్ అన్నమాట!"

"ఇందాకటి దాకా అలాగే అనుకున్నానండీ. పొరపాటని ఇవాళ తెలిసింది. తెలియకపోయినా టీ చల్లారుతుందండీ."

మేడమ్ గారు జాబితాలో ఆమె పేరు ముందు టిక్కు పెట్టారు. నీలం అట్ట ఉన్న శిక్షణ పుస్తకం ఆమె వైపు జరిపారు. "సోమవారం నుంచి రండి."

మెట్లు ఎలా దిగిందో ఆమెకు తెలియదు. స్టవ్వు వెలిగించి, అల్లం దంచి, పంచదార తగ్గించి, మాస్టారు రోజూ తాగే గ్లాసులోనే టీ పోసుకుని వరండా చివరికి నడిచింది. ఈపాటికి తర్వాతి బండికి వచ్చే ఉంటారు, మొదటి కబురు ఆయనకే చెప్పాలి. బల్ల ఖాళీగానే ఉంది. గ్లాసు మిషను పక్కన పెట్టింది. రాజబాబు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఈసారి పరాచికమాడలేదు.

"నువ్వు లోపలుండగా గుడివాడ నుంచి ఫోనొచ్చిందక్కా. రైలుకని చెప్పులేసుకుంటూ గుమ్మంలోనే కూర్చుండిపోయారంట మాస్టారు. అంతే."

ఆమె పుస్తకాన్ని గుండెకు అదుముకుని ఆ బల్ల ముందే కూర్చుంది. చాలాసేపటికి ఫోను మోగింది. "వదిలేశారండీ! ఆటోలో ఇంటికెళ్తున్నాం," కనకమహాలక్ష్మి గొంతు, దాని వెనక ఒక మగగొంతు నవ్వు.

"విన్నారుగా మాస్టారూ, నంబరే చూశాను," అంది దయామణి మిషనుతో.

ఇరవై రెండేళ్ల మీద ఆమెకు మిగిలింది నీలం అట్ట పుస్తకం ఒకటి, మూడు జతల మాటలు, చీకటి పడకముందే ఇల్లు చేరుతున్న ఒక మనిషి. వాయిదాలు ముగిసి జనం పలచబడ్డారు. రెక్సిన్ తొడుగు పక్కన, పంచదార తక్కువ వేసిన ఆ గ్లాసులో టీ మీగడ కట్టింది.