చేతులు వెనక్కి

మా నాయనా నేనూ ఒకే డిగ్రీ చదువుతున్నాం. ఆయనది ఉద్యోగస్తుల బ్యాచీ. వారమంతా పెనుకొండ కంపెనీలో డ్యూటీ, ఆదివారం ధర్మవరం కాలేజీలో క్లాసు. నాది రెగ్యులర్. సగం వారం కాలేజీ, సగం వారం అదే కంపెనీలో ట్రైనీ పని. చివరికి ఇద్దరికీ వచ్చే పట్టా ఒకటే. మా హిందూపురం వీధిలో ఇది ఎవరికీ మింగుడుపడలేదు.

"ఏమప్పా కరీముల్లా, బిడ్డను చదివిస్తాండావా, బిడ్డతో చదువుతాండావా?" అని ఎదురింటి ఓబుళప్ప రోజూ అడుగుతాడు. నాయన రోజూ "రెండూ" అంటాడు.

పనిచేస్తూ నేర్చుకునే చదువని కాలేజీవాళ్ళు గొప్పగా చెప్పారు. తీరా నన్ను వేసింది మా నాయన లైనులో. నేను స్పానరు పట్టుకుంటే చాలు, "జరుగు పాపా, నేను జేస్తా" అంటాడు. ఇంట్లో మిక్సీ ఆగినా అదే మాట, కొళాయి కారినా అదే మాట. పుట్టినప్పటి నుంచి జరుగుతూనే ఉన్నాను. ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకున్నట్టుంది నా ట్రైనింగు.

ఆయన ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష ఒక ఆదివారం కంపెనీలోనే పెట్టారు. పాసైతే సూపర్‌వైజరు. తప్పితే ఆ పోస్టు నిన్నగాక మొన్న చేరిన కిషోర్‌కు పోతుంది, అతనికి డిగ్రీ ఉంది కాబట్టి. నాయనకు వారం నుంచి అన్నం సయించలేదు.

పరీక్ష పెట్టడానికి ధర్మవరం కాలేజీ నుంచి నీలావతి మేడం వచ్చింది. "ఈ మోటారుకు కొత్త బెల్టు ఎక్కించాలి. మీరు కాదు, పని రాని ట్రైనీతో ఎక్కించాలి. మీ చెయ్యి తగిలిందా, ఫెయిల్" అంది నాయనతో. తర్వాత పక్కన నిలబడ్డ మా ట్రైనీల వైపు తిరిగి, "మీలో ఈ పని రానిదెవరికి?" అంది.

అందరికీ వచ్చు. నేనొక్కదాన్నే చెయ్యెత్తాను.

"ఇన్నాళ్ళూ ఎవరి లైనులో ఉన్నావు?"

నాయనను చూపించాను. "మా పాపే మేడం" అన్నాడాయన. "తెలుస్తోంది. కానివ్వండి" అంది మేడం.

బెల్టు పుల్లీ మీదికి ఎక్కలేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని పొడిచి ఎక్కించబోయాను. నాయన చెయ్యి గబుక్కున లేచింది, నా మణికట్టు దాకా వచ్చి ఆగింది. దాన్ని వెనక్కి లాక్కుని, వీపు వెనక రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"జరు..." అని మింగేశాడు. ఆ మాట తీసేస్తే ఆయన దగ్గర ఇంకో మాట లేదనిపించింది.

"అది కింద పెట్టు పాపా. ముందు మోటారు బోల్టులు వదులు జెయ్. మోటారు ముందుకు జరుపు."

"ఎందుకు నాయనా?" అన్నాను.

"పొడిస్తే బెల్టు లోపల దారాలు తెగతాయి. బయటికి కనపడదు. నాలుగు దినాలకు టప్పున పోతాది."

నాకు ఒళ్ళు మండింది. తెలిసి కూడా ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదే! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళతోనే బోల్టులు వదులు చేశాను, బెల్టు ఎక్కించాను, మోటారు వెనక్కి లాగి బిగించాను. "బెల్టు నడిమధ్య వేలితో నొక్కు. వేలి మందం దిగాల. అంతే, సాలు." మోటారు వేస్తే సాఫీగా తిరిగింది.

"పాస్" అంది మేడం. నాయన చేతులు మాత్రం వెనకే ఉన్నాయి.

బయట బైకు దగ్గర నాయన నిలబడిపోయాడు. ఆ బండిని ఆయన ఎవరినీ తాకనివ్వడు. జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

నా స్నేహితురాలు హరిత బండి మీద దొంగచాటుగా నేర్చుకున్న విద్య కొద్దిగా ఉంది. కంపెనీ గేటు లోపలే బండి రెండుసార్లు ఆగిపోయింది. తిరిగి చూస్తే నాయన వెనక సీటు మీద చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"పట్టుకో నాయనా, పడతావు."

"నువ్వు పోనీ పాపా. పడితే లేస్తాలే."