ఎవరి నంబరు రాశావు

సువర్చలక్క చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది, చుట్టూ మా వంటిల్లే గానీ గోడలకి టైల్స్ బదులు రొమ్ముల ఎక్స్‌రేలు వెలుగుతున్నాయి, అదేమీ నాకు వింతగా లేదు; తను పోయి రెండేళ్ళయిందన్న సంగతి గుర్తుంది గానీ పైకి అంటే నొచ్చుకుంటుందేమోనని ఊరుకుంటున్నాను.

బావగారి భార్య, నాకు తోటికోడలు. పంతొమ్మిదేళ్ళు మధ్యాహ్నం పూట నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్న ఒకే ఒక్క మనిషి. ఇప్పుడు ఒక్కదాన్నే తింటున్నానని చెబుతాను. అత్తగారి మీద చెప్పుకోవాల్సినవి బోలెడు పేరుకుపోయాయని, గోడకి చెబితే అది తిరిగి నాలుగు కలపదని కూడా చెబుతాను. అక్క నవ్వుతుంది, ఆ నవ్వుకి వంటిల్లు మెల్లగా కదిలి, పోయిన వారం నేను రొమ్ము పరీక్ష చేయించుకున్న క్యాంపు బస్సు అయిపోతుంది, చేట కాస్తా కంప్యూటర్ తెర అవుతుంది.

తెర మీద నా ఎక్స్‌రే. బూడిదరంగు మబ్బులో ఆవగింజలో సగం కూడా లేని తెల్లచుక్కలు నాలుగు, వాటి చుట్టూ కంప్యూటర్ తనంతట తనే గుండ్రంగా గీత గీస్తోంది. ముప్పై ఏళ్ళు రాళ్ళేరిన తన వేళ్ళకి తన ఒంట్లో రాయి తగల్లేదని, ఇది చెయ్యి పెట్టకుండానే ఏరేసిందని, మన అత్తగారికి ఇలాంటి కోడలే పడాల్సిందని అంటుంది అక్క.

ఇన్నాళ్ళూ అడగలేకపోయింది అడిగేస్తాను. "నీ జబ్బునీ కంప్యూటర్ ఇలాగే ముందే పట్టేసిందిటగా. ఎందుకు దాచావక్కా?"

"తెలిస్తే కదే దాచడానికి. క్యాంపులో ఇచ్చిన కాగితం మీద మీ బావగారి నంబరు రాశాను. మళ్ళీ రమ్మని వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేస్తే, లోన్ల వాళ్ళనుకుని ఆయన కట్ చేశారు."

అందుకే కాబోలు, అక్క పోయినప్పట్నుంచీ బావగారు ఏ నంబరు నుంచి ఫోనొచ్చినా ఎత్తి, లోన్లమ్మే పిల్ల చెప్పేదంతా చివరిదాకా ఓపిగ్గా వింటారు.

"నీ కాగితం మీద ఎవరి నంబరు రాశావు హైమా?"

నేను ఎం.ఏ. ఎకనామిక్స్ అని, నాకంటూ ఒక ఫోనుందని చెప్పబోతాను, నోట్లోంచి మాత్రం మా ఆయన నంబరు పదంకెలూ తప్పుల్లేకుండా వస్తాయి. ఈసారి అక్క నవ్వదు. బస్సులో ఎవరూ లేరు.

మెలకువొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. హాల్లో మా ఆయన పేపరు చదువుతున్నారు. ఫోన్లేమైనా వచ్చాయా అని అడిగాను. పొద్దున్నించీ ఎవరో అమ్మాయి ఒకటే గొడవని, విసుగెత్తి నంబరు బ్లాక్ చేశానని, కాస్త గర్వంగానే చెప్పారు.

ఆయన ఫోను తీసుకుని, ఆ నంబరు చూసి నా ఫోన్లో నొక్కాను. అవతల అమ్మాయి క్యాంపు పేరు చెప్పింది.

"నేను హైమవతిని," అన్నాను. "ముందు ఈ నంబరు రాసుకోండి. ఇది నాది."