తిరిగి ఇవ్వని లైన్ క్లియర్

ఈ ఏడాది మాకు పండగ లేదు కాబట్టి, పక్కింటి వెలుతురు మా గోడదాకా వచ్చి ఆగిపోతోంది. గోడకు అటువైపు సీరియల్ బల్బులు నిన్నటినుంచీ ఎర్రగా, పచ్చగా వెలుగుతున్నాయి. ఇటువైపు ఒక్క చుక్క కూడా పడదు. టపాకాయల చప్పుడూ అంతే. గోడ మీద కాసేపు కూర్చుని వెనక్కి వెళ్ళిపోతుంది. ఎండ మాత్రం లోపలికి వస్తుంది, దానికి పండగలతో పని లేదు.

నాకు దీంతో ఇబ్బందేమీ లేదు. మా ఆయన కోదండం లైన్‌మ్యాన్. దుర్గాష్టమి నాడు కరెంటు స్తంభం మీదే పోయాడు. ఇవాళ దీపావళి. మనిషి పోయిన ఇంట్లో ఏడాదిపాటు ప్రమిద వెలిగించరు, పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరు. మా మూకుడు వంటింటి గోడకు మేకు మీద వేలాడుతూ ఉండేది. దినాలు అయిన మర్నాడు అది తనంతట తానే ఎటో వెళ్ళిపోయింది. మేకు మిగిలింది.

గున్నమ్మ పిన్ని పొద్దున్నే గారెల డబ్బాతో వచ్చి గుమ్మం పక్కన చతికిలబడింది. ఆవిడ మాకు చుట్టం కాదు, వీధి చివర ఉంటుంది. ఏ ఇంట్లో పండగ లేకపోతే ఆ ఇంటికి పండగ పూట గారెలు వండి తీసుకెళ్ళి, దీపాల వేళదాకా కూర్చుంటుంది. ఓదార్చదు. కాలం అన్నీ మాన్పుతుందని చెప్పదు. డబ్బా మూత తీసి పక్కన పెడుతుంది, అంతే.

నేను గారెల వైపు చూడను. ఇరవై రెండు రోజులుగా నమలడం మానేశాను, మజ్జిగతో నడిచిపోతోంది. నాకు ఆకలి లేదు, కోపం ఉంది. అది కడుపులో తిండి ఉండవలసిన చోటంతా ఆక్రమించుకుని హాయిగా కూర్చుంది.

కోపం భానోజీ మీద. అతను సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. లైన్‌మ్యాన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తాడు. ఆపరేటర్ సప్లై ఆపి, పుస్తకంలో రాసుకుని, ఒక నంబరు ఇస్తాడు. దాన్ని లైన్ క్లియర్ అంటారు. పని అయి, మనిషి కిందికి దిగాక, ఆ నంబరు ఫోన్‌లో తిరిగి చెప్పాలి. అలా చెప్పేదాకా ఆపరేటర్ స్విచ్చు ముట్టుకోకూడదు. దేవుడు వచ్చి అడిగినా ముట్టుకోకూడదని మా ఆయన అనేవాడు.

దేవుడు అడగలేదు. మార్కెట్ వీధి పందిరి కమిటీవాళ్ళు అడిగారు. అమ్మవారి హారతి వేళ దాటిపోతోందని, "యేసీయండి బాబూ, పండగ కదా" అన్నారు. భానోజీ వేసేశాడు. తర్వాత వచ్చిన రిపోర్టులో, కోదండం లైన్ క్లియర్ తీసుకోకుండా స్తంభం ఎక్కాడని ఉంది. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారైనా నంబరు లేకుండా నిచ్చెన మీద కాలు పెట్టని మనిషి గురించి అలా రాశారు.

మా ఆయన ఆ నంబరును ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకుంటాడు. చివరి స్నానం చేయించేటప్పుడు ఆ చెయ్యి నేను పట్టుకున్నాను. నలభై ఒకటి అని ఉంది. సబ్బు పెట్టి రుద్దాను. ఆయన చేతినుంచి పోయి నా చేతికి వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి ఆఫీసులో చూపిస్తే, చెయ్యి కాగితం కాదన్నారు. పుస్తకంలో నలభై దాకానే ఉందన్నారు.

పదింటికి భానోజీ వస్తాడు. చేతిలో కాజాల డబ్బా, సంకలో ఫైలు. మా ఆయన బతికి ఉండగా మా ఇంట్లో ఎన్నోసార్లు టీ తాగినవాడే. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, జరగరానిది జరిగిపోయిందని అంటాడు. నేను మంచినీళ్ళు ఇస్తాను. పండగలోపు బాధిత కుటుంబాన్ని ఓదార్చి, ఓదార్చినట్టు సంతకం తెమ్మని ఆఫీసువాళ్ళు పంపారట. ఫైలు విప్పి చూపిస్తాడు. 'మేము తృప్తికరంగా ఓదార్చబడ్డాము' అని అచ్చువేసి ఉంది. కింద గీత ఉంది.

నేను సంతకం పెట్టను. పెట్టనని కూడా చెప్పను. భానోజీ ఫైలు సంకలో పెట్టుకుని లేస్తాడు.

"ఎల్లొస్తాను సెల్లెమ్మా" అంటాడు.

మనిషి పోయిన ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. పలకరించడానికి వచ్చినవాళ్ళు చెప్పకుండా లేచి వెళ్ళిపోతారు, ఇంట్లోవాళ్ళు సాగనంపరు. ఇలాంటి పనిమీద మళ్ళీ రావలసిన అవసరం పడకూడదని. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. భానోజీ నోరు జారింది. గున్నమ్మ పిన్ని తలెత్తి అతన్ని ఒకసారి చూసి, మళ్ళీ దించుకుంటుంది.

అతను చెప్పులు వేసుకుని వీధి గుమ్మంలోంచి బయటికి వెళ్తాడు. పెరటి గుమ్మంలోంచి లోపలికి వస్తాడు.

వచ్చి కుర్చీలో కూర్చుని, జరగరానిది జరిగిపోయిందని అంటాడు. నేను మంచినీళ్ళు ఇస్తాను. సంతకం పెట్టను. లేచి, ఎల్లొస్తానంటాడు. నాలిక కరుచుకుంటాడు గానీ మాట అప్పటికే బయటపడింది. వీధి గుమ్మంలోంచి వెళ్తాడు, పెరటి గుమ్మంలోంచి వస్తాడు. వచ్చేదారి సబ్‌స్టేషన్ మీదుగా ఉందట, చాలా దూరమట. నాలుగోసారి వచ్చినప్పుడు అక్కడి పెద్ద స్విచ్చు అతని చేతికి అంటుకుని వస్తుంది. ఎక్కడ పెట్టమంటావని అడుగుతాడు. మూకుడు మేకు ఖాళీగానే ఉందని చెబుతాను. తగిలిస్తాడు. సరిగ్గా సరిపోతుంది.

ఆరోసారికి అతని చొక్కా తడిసి ముద్దవుతుంది. ఏడోసారికి బిందె ఖాళీ అవుతుంది. నాకు బాగుంది. ఇరవై రెండు రోజుల తర్వాత మొదటిసారి నాకు బాగుంది. అతను ఇలాగే తిరిగి తిరిగి చెప్పులు అరిగి, పాదాలు అరిగి, మోకాళ్ళ మీద డేకుతూ రావాలి. ఆ మీదట చావాలి. ఈ సంగతి పిన్నితో పైకే చెబుతాను.

"ముందు తినీ అమ్మా. ఆనక సంపుదువు గాని" అంటుంది పిన్ని, గారెల డబ్బా నా వైపు జరుపుతూ.

పొద్దు వాలుతుంది. పదకొండోసారి భానోజీ కూర్చోగానే నేను అరచెయ్యి చాపి అతనికి చూపిస్తాను. ఈ నంబరు ఇచ్చింది నువ్వు, తీసుకున్నది మా ఆయన, ఇది ఇంకా ఎవరూ తిరిగి ఇవ్వలేదు అంటాను.

ఆ మాటతో వంటింట్లో స్విచ్చు తనంతట తానే కిందికి పడుతుంది. గోడకు అటువైపు సీరియల్ బల్బులు ఆరిపోతాయి. వీధి దీపాలు, బజారు దీపాలు ఆరిపోతాయి. ప్రమిదల్లో వత్తి అంటుకోదు. కాకరపువ్వొత్తుల మీద అగ్గిపుల్లలు గీసి గీసి జనం విసుక్కుంటారు. పండగ చీకట్లో నిలబడిపోతుంది. మా ఇంట్లో మాత్రం ఎప్పటిలాగే ఉంది, మాకు అలవాటే.

ఊరు మా గోడ దగ్గరికి వస్తుంది. ముందు వరసలో పందిరి కమిటీవాళ్ళు. భానోజీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. అతను దాన్ని తియ్యడు. దగ్గడం మొదలుపెడతాడు. చాలాసేపు దగ్గుతాడు. చివరికి నోట్లోంచి ఉండలా చుట్టుకున్న కాగితం ఊడి ఒళ్ళో పడుతుంది. పిన్ని దాన్ని తీసుకుని, గుమ్మం మీద పరిచి, అరచేత్తో సాపు చేస్తుంది. నలభై ఒకటో పేజీ. మా ఆయన పేరు, టైము, కింద భానోజీ సంతకం.

"నానే యేసినాను సెల్లెమ్మా" అంటాడు భానోజీ. "నంబరు ఇచ్చింది నానే, సప్లై యేసింది నానే. ఆ కాయితం సింపీసి మింగీసినాను."

గోడ అవతల అందరూ వింటారు. నేను కోరుకున్న మాట ఇదే. ఇది వింటే గుండెలోంచి ఏదో దిగిపోతుందని అనుకున్నాను. ఏమీ దిగదు.

ఇప్పుడైనా నంబరు తిరిగి ఇచ్చెయ్యమని అతను బతిమాలుతాడు. పిల్లలు ఏడుస్తున్నారంటాడు.

"మనిసి దిగినాక కదన్నయ్యా నంబరు తిరిగి సెప్పాలి" అంటాను. "ఒళ్ళు దింపీసినారు గాని, మనిసి ఇంకా దిగనేదు."

అది రూలే. భానోజీకి నాకంటే బాగా తెలుసు. తల ఊపుతాడు. ఫైలు మూసి కుర్చీలో పెడతాడు. చెప్పులు వేసుకోకుండా, ఏమీ చెప్పకుండా లేచి వీధిలోకి వెళ్తాడు. ఈసారి పెరటి గుమ్మంలోంచి ఎవరూ రారు.

కాసేపటికి మా ఇంట్లో ఫోన్ మోగుతుంది. స్తంభం మొదట్లో నిలబడి భానోజీ మాట్లాడుతున్నాడు. కోదండాన్ని దింపడానికి ఎక్కుతున్నానని, స్విచ్చు నీ వంటింట్లో ఉంది కాబట్టి లైన్ క్లియర్ నువ్వే ఇవ్వాలని అంటాడు. నలభై రెండు అని ఇస్తాను. రాసుకున్నానంటాడు. నా అరచేతిలో నలభై ఒకటి కింద నలభై రెండు వచ్చి చేరుతుంది, అతని కోడికాళ్ళ రాతలో.

అతను ఎక్కుతాడు. స్తంభం అతనికంటే వేగంగా పొడుగవుతుంది. మొదట కళ్ళద్దాలు కింద పడతాయి, తర్వాత ఫోన్. పడ్డాక కూడా మోగుతుంది. చాలా పైనుంచి ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకుంటున్న చప్పుడు వస్తుంది. ఒకటి నాకు తెలిసిన గొంతు. ఆ గొంతు ఎవరినో పట్టకారు అందించమంటోంది.

నేను గారె తీసుకుంటాను. పొద్దున వండినది, ఇంకా వేడిగానే ఉంది. నములుతాను. ఉప్పు సరిపోయింది. రెండోది కూడా తింటాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అయినా నమలడం ఆపను.

పందిరి కమిటీవాళ్ళు గోడ మీదుగా మెడలు చాస్తారు. స్విచ్చు నా వంటింట్లో ఉందని వాళ్ళకు తెలిసిపోయింది. నిన్నటిదాకా నా మొహం చూడనివాళ్ళు ఎంతో మర్యాదగా అడుగుతారు.

"యేసీ అమ్మా, పండగ కదా."

నాలుగో గారెతో డబ్బా ఖాళీ అవుతుంది. గున్నమ్మ పిన్ని చెంబు తెచ్చి నా పక్కన నిలబడుతుంది.

"తిన్నావు" అంటుంది.

అని నా ఎడమ చేతిమీద నీళ్ళు పోస్తుంది. రెండు నంబర్లూ అరచేతిలోంచి లేచి, తడి దులుపుకుని, చీమల్లా గోడెక్కి, స్తంభం వైపు నడుస్తాయి. ఒకటి పైకి ఎక్కాలి, ఒకటి కిందికి రావాలి. ఏది ఏదో ఇక్కణ్ణుంచి తెలియడం లేదు. చూద్దామని గేటు దగ్గరికి వెళ్ళి నిలబడతాను. కుడి చెయ్యి నాతో రాలేదు. అది ఎప్పుడు వెళ్ళిందో, వంటింట్లో స్విచ్చు మీద ఉంది, నా భుజంనుంచి గుమ్మం దాటి అక్కడిదాకా సాగి, వేళ్ళకు గారెల నూనెతో.