ముత్యాలరాజు ఓడిన ఆకు

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కొత్తలో, అంతర్వేదిలో చెడుగుడు ఆడేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉండేది. కూత తెగి పట్టుబడ్డవాడు తనను పట్టినవాడికి తాటాకు ముక్క మీద నిశానీ గీసి ఇచ్చుకోవాలి. చదువు రాని చేతులు కనుక ఒకడు పడవ గీసేవాడు, ఇంకొకడు కొబ్బరికాయ. ముత్యాలరాజుది చేప.

అయితే ఆయన పట్టుబడితే కదా. ఆయన భార్య వీరాయమ్మకి వచ్చిన చిక్కంతా అదే. నిరుడు వేటకెళ్ళిన మనిషి సముద్రం నుంచి తిరిగి రాలేదు. పడవా వలా ఆయనతోనే పోయాయి. ఆయన చేత్తో గీసిన గీత ఒక్కటైనా ఇంట్లో ఉండాలని ఆమె ప్రాణం కొట్టుకునేది. మహా ఆటగాణ్ణి కట్టుకున్న పాపానికి ఇప్పుడు ఆయన ఓటములు ఏరుకోవాల్సి వచ్చింది.

ఆయన నిశానీ ఉన్న ఆకు తెస్తే బుట్టెడు ఎండు రొయ్యలు ఇస్తానని మలికిపురం సంతలో చెప్పింది. అంతే, చుట్టుపక్కల ఎంతమంది వీరులున్నారో అప్పుడు తెలిసింది. నాలుగడుగులు వేస్తే ఆయాసపడేవాడు కూడా ఆకు పట్టుకుని దిగాడు.

"ఆలమూరులో మీ ఆయన్ని నేనే పట్టేనండి," అన్నాడొకడు.

"ఆయ్, పట్టే ఉంటారండి. చేప తల ఎటుందో ఓసారి చూసుకోండి," అంది వీరాయమ్మ.

ముత్యాలరాజుది పుర్రచేతి వాటం. ఇసుకలో వేలితో గీసినా ఆయన చేప కుడివైపే చూసేది. వచ్చిన చేపలన్నీ ఎడమవైపే ఈదుతున్నాయి. ఆకు అబద్ధమైనా ఆయన ఆట గురించి రెండు మంచి మాటలు చెబుతున్నారు కనుక, తిట్టకుండా మజ్జిగిచ్చి పంపేది.

నెల తిరిగాక పాపారావు వచ్చాడు. మలికిపురంలో కొబ్బరి దింపులు తీసే మనిషి, ఒకప్పటి ఆటగాడు. అతను చూపించిన ఆకు మీద చేప కుడివైపు చూస్తోంది. వీరాయమ్మ అరుగు మీద కూర్చుని చేప తల ఎటుందో మళ్ళీ చూసింది.

"ఇచ్చెయ్యడానికి కాదండి, ఓసారి చూస్తారని తెచ్చేను. నా జన్మకి ఇదొక్కటే గెలుపండి," అన్నాడు మొహమాటంగా.

"ఎలా పట్టేరండి ఆయన్ని?"

"మీ పెళ్ళికి ముందు మాటండి. అంతర్వేది తీర్థంలో ఆట. నన్ను ముట్టుకుని వెనక్కి తిరిగేడు. గీత దాకా వచ్చేసేడు. అప్పుడు మీరు నెత్తిన చేపల గంపతో, తప్పుకోండి తప్పుకోండి అంటా జనంలోంచి వస్తన్నారు. మిమ్మల్ని చూసేడండి. నవ్వేడు. కూత తెగిపోయింది. నేను కాలు పట్టేసేను."

వీరాయమ్మకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఈ సంగతి ఆయన ఏనాడూ చెప్పలేదు. కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది.

"అయితే అన్నయ్యగారూ, ఆ రోజు ఆయన్ని పట్టింది మీరు కాదు కదండీ."

పాపారావు ఆకుని పైపంచెతో ఓసారి తుడిచాడు. కట్టుబాటు కట్టుబాటే, ఆకు పట్టినవాళ్ళదే.

"ఆయ్, మీరేనండి," అని రెండు చేతులతో ఆమెకి అందించాడు.