గోరీ రాని ఫైనల్

నిరుడు ఆగస్టు పద్నాలుగు, గురువారం. ఆ మధ్యాహ్నం నేనూ, యోహానూ కురవి అవతలి ఒక లంబాడీ తండాలో జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం తిన్నాం. రొట్టెలు చేసిన మోతీబాయి మా పక్కనే నిలబడి, ఒకటి అయిపోకముందే ఇంకొకటి వేసింది. మేము ఆమె కూతురు గోరీని తీసుకుపోవడానికి వచ్చామని ఆమె అనుకుంటోంది. నేనూ అలాగే అనుకున్నాను. అయినా ఆమె మాకు పొయ్యి మీదినుంచి దింపిన వేడి రొట్టెలే పెట్టింది, చల్లారినవి తనకు ఉంచుకుంది.

యోహానుది రఘునాథపల్లి. రోడ్డు పక్కన వెల్డింగ్ షాపు నడుపుతాడు. సాయంత్రాలు జనగామ వచ్చి అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టును చూసుకుంటాడు. పేరుకు మేనేజర్. ఆట నేర్పడం దగ్గర్నుంచి బంతులకు గాలి కొట్టడం దాకా అన్నీ అతనే. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి ఆ ఆట నేర్చుకున్నాడట.

నేను జనగామలో కాలేజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. నా భార్య సౌందర్య పోయాక కొంతకాలం సాయంత్రాలు లైటు కూడా వేయకుండా కూర్చునేవాణ్ణి. ఒకరోజు యోహాను గేటు దగ్గర నిలబడి, "సారు, మీ కారు ఊకెనే ఉంటున్నది గద. పిల్లల్ని మానుకోటకు తీసుకపోవాలె, ఆటో దొరుకతలేదు" అన్నాడు. అంతకుముందు మా మధ్య నమస్కారాలే తప్ప మాటలు లేవు. తీసుకెళ్లాను. జట్టు ఎప్పుడూ ఎక్కే ఆటో సగం మంది పిల్లలతో మా వెనకాలే రావడం అద్దంలో కనిపించింది. నేనేమీ అడగలేదు. అప్పటినుంచి నా కారు జట్టుదైంది.

ఆ ఆదివారం భూపాలపల్లిలో ఫైనల్. మా గోల్‌కీపర్ గోరీ. జనగామలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. తేదీకి ఒప్పుకునేముందు యోహాను పిల్లలందరినీ అడిగాడు. గోరీ కూడా సరేనంది. కానీ వాళ్ల తండాలో తీజ్ పండుగ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేది క్యాలెండరు కాదు, తండా పెద్ద అయిన నాయక్. వానలు ఆలస్యమయ్యాయని నాయక్ తుల్సీరాం పండుగను వెనక్కి జరిపాడు. అది వచ్చి సరిగ్గా ఫైనల్ మీద పడింది.

తీజ్ అంటే పెళ్లికాని ఆడపిల్లల పండుగ. బుట్టల్లో పుట్టమన్ను నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు మూడు పూటలా పాడుతూ నీళ్లు పోస్తారు. ఎవరి బుట్టకు వాళ్లే పోయాలి. నాయక్ ఇంటి ముందు మంచె మీద ఆ బుట్టలు వరసగా ఉన్నాయి. మొలకలు అప్పటికే వేలెడంత లేచాయి. గోరీ తన బుట్టను చూపించింది, కానీ ఆమె చూపు మా కారు మీదే ఉంది.

"నేను వస్త సార్. మన జట్టు షారోన్‌కు ఫోన్‌ల చెప్పిన గద. పొద్దుగాల నీళ్లు పోసి బయలెల్లుత."

"మరి మధ్యానం ఎవలు పోస్తరు?" అన్నాడు యోహాను.

"మా చిన్నమ్మ బిడ్డ పోస్తది. ఎవ్వలకు తెల్వది."

మోతీబాయి కూతురితో తమ భాషలో ఏదో అంది. గోరీ తల దించుకుంది. తర్వాత మోతీబాయి మాతో మెల్లగా తెలుగులో చెప్పింది. "సారూ, ఆడపిల్ల నిక్కరేసుకొని బంతాడుడేందని తండా మొత్తం అడిగింది. నా బిడ్డ మంచిగనే ఉంటది, పండుగకు పబ్బానికి తప్పది అని నేను పూచీ పడ్డ. ఇప్పుడు నడిమిట్ల లేచిపోతే ఇగ పంపనియ్యరు. నేను గూడ పంపలేను."

యోహాను చెయ్యి కడుక్కున్నాడు. భుజం మీది తువ్వాలుతో నెమ్మదిగా తుడుచుకున్నాడు.

"ఆదివారం నువ్వు రావద్దు బిడ్డా," అన్నాడు. "నీ బుట్టకు నువ్వే నీళ్లు పొయ్యి. పండుగైనంక రా. గోలు దగ్గర నీ జాగ ఏడికి పోదు."

గోరీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మళ్లీ ఫైనల్ వస్తుందని గానీ, ఇది చిన్న సంగతని గానీ అతను అనలేదు. ఆ పిల్ల ఏడుపు ఆగేదాకా అక్కడే కూర్చున్నాడు. మేము లేచేటప్పుడు మోతీబాయి ఇంకో నాలుగు రొట్టెలు గుడ్డలో కట్టి కారులో పెట్టింది.

తిరుగు దారిలో అన్నాను. "నువ్వు అడుగుతావనుకున్నాను."

"అడిగితే వస్తది సారు. గదే నా భయం."

"మరి మన జనం అడిగితే ఏం చెప్తావు?"

"నేనే వద్దన్న అని చెప్త. నిజమే గద."

"ఎందుకు వద్దన్నవంటే?"

"నా ఇష్టమంట. మేనేజర్ అన్నంక జర పొగరు గూడ ఉండాలె సారు." నవ్వాడు. వెంటనే ఆ నవ్వు పోయింది. "అనితను యాది చేసుకోండ్రి."

గుర్తు చేసుకోనక్కరలేదు. అనిత టేకుమట్ల దిక్కు తండా పిల్ల. చురుకైన ఆట. అన్న పెళ్లికి వెళ్లి ఒక మ్యాచ్‌కు రాలేకపోయింది. మరుసటి మ్యాచ్‌లో బంతి ఆమె కాలికి తగిలినప్పుడల్లా మైదానం గోడ మీద కూర్చున్న మావాళ్లు "ఇయ్యాల పెండ్లి లేదా?" అని అరిచారు. ఆమె తెలుగును వెక్కిరించారు. మేమంతా సరదా అనుకున్నాం. ఆట అయ్యాక ఆ పిల్ల బూట్లు విప్పి గోల్‌పోస్టు దగ్గర పెట్టి వెళ్లిపోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఏదో బట్టల దుకాణంలో పని చేస్తోందట. గోరీ తీజ్ కోసం ఆగిందని తెలిస్తే ఆమెకూ అదే గతి పడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. గోరీ లేకపోతే గోలు దగ్గర నిలబడాల్సింది షారోన్. షారోన్ యోహాను కూతురు.

రఘునాథపల్లిలో వాళ్ల ఇంటి ముందు కారు ఆపినప్పుడు షారోన్ గేటు దగ్గరే ఉంది. యోహాను సంగతంతా చెప్పాడు.

"నీ బిడ్డ కోసం గోరీని కూసోబెట్టినవంటరు డాడీ."

"అంటరు. నన్ను ఎక్కువంటరు, నిన్ను జర తక్కువంటరు. నీకు వద్దనిపిస్తే ఇప్పుడే చెప్పు, ఇంకో తొవ్వ చూస్త. నేను కోపం చెయ్య."

షారోన్ గేటు గొళ్లాన్ని కాసేపు అటూ ఇటూ కదిపింది. "ఆడుత," అంది. "కని గోల్స్ పడితే తిట్టొద్దు."

"తిట్టేటోళ్లు వేరే ఉన్నరు గద. నాకెక్కడిది ఛాన్సు?"

ఆదివారం భూపాలపల్లిలో ముసురు. మైదానం బురద. మా ఊరినుంచి రెండు డీసీఎం వ్యాన్ల నిండా జనం వచ్చారు. అందరిలోకి పెద్ద గొంతు పోశయ్యది. బోరు మోటార్లు బాగుచేసే పోశయ్య ఒక్క మ్యాచ్ తప్పడు. గోలు దగ్గర షారోన్ కనిపించగానే కంచె పట్టుకుని అరిచాడు.

"యోహానూ! గోరీ ఏది?"

"ఇయ్యాల ఆడతలేదు."

"ఎందుకు?"

"నేనే వద్దన్న."

పోశయ్య చుట్టూ చూశాడు. అతనికి అర్థమైపోయింది, అర్థమైంది అనుకున్నాడు. "ఓహో! ఫైనల్ అనంగనే సొంత బిడ్డ యాదికొచ్చిందా? తండా పిల్ల లీగ్ మ్యాచులకు, నీ బిడ్డ కప్పుకా?"

ఆ మాట జనంలో పాకింది. ఆట సాగినంతసేపూ యోహాను గీత పక్కన తడుస్తూ నిలబడి ఆ మాటలు విన్నాడు. షారోన్ మొదటి సగం బాగానే ఆడింది, రెండు మంచి షాట్లు ఆపింది. కానీ చివర్లో మామూలుగా దొర్లుతూ వచ్చిన బంతి ఆమె చేతుల కిందనుంచి జారి లోపలికి పోయింది. రెండు ఒకటితో ఓడిపోయాం. యోహాను వెళ్లి కూతురి బురద చేతులు తన తువ్వాలుతో తుడిచాడు. తర్వాత గెలిచిన జట్టు మేనేజర్‌కు చెయ్యి కలిపాడు.

తిరిగి వస్తుంటే బస్టాండ్ దగ్గర పోశయ్య ఒంటరిగా నిలబడి కనిపించాడు. తిట్టడంలో పడి డీసీఎం ఎక్కడం మరిచిపోయాడు.

"సారు, జర ఆపుండ్రి," అన్నాడు యోహాను. అద్దం దించి పిలిచాడు. "రా పోశన్నా, కూసో."

"నీ బండి నేనెక్క."

"బండి నాది గాదే, సారుది. సారు మీద ఏం కోపం నీకు?"

పోశయ్య వాన వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎక్కాడు. వెనక సీటులో షారోన్ పక్కన కూర్చుని పరకాల దాకా గొణిగాడు. "ఆ పొల్లకు అన్యాలం చేసినవ్... నీకు గీ బుద్ధెందుకు వుట్టింది..." షారోన్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాకు పట్టలేకపోయింది.

"పోశయ్యా, అసలు సంగతేందంటే—"

"సారు, ముంగట బర్రెలు!" అన్నాడు యోహాను.

బ్రేకు వేశాను. రోడ్డు మీద బర్రెలు లేవు, ఏమీ లేవు. యోహాను నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. నేను మళ్లీ గేరు వేసి బండి నడిపాను. హన్మకొండ దాటాక షారోన్ ఆకలవుతోందని, మొన్నటి జొన్నరొట్టెల్లాంటివి తినాలనుందని అంది. యోహాను రోడ్డు పక్కన మిర్చిబజ్జీలు కొని, మొదటి పొట్లం పోశయ్య చేతిలో పెట్టాడు. పోశయ్య తిన్నాడు. తిన్నాక గొణుగుడు కొంచెం తగ్గింది, పూర్తిగా ఆగలేదు.

తర్వాతి రోజులు బాగా లేవు. షాపు ముందునుంచి పోయే బండ్లు ఆగి, "కప్పు ఏడ పెట్టినవ్ యోహానూ?" అని అడిగి పోయేవి. ప్రాక్టీసుకు వచ్చే పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు అతనితో మాట్లాడటం మానేశారు. ఒకసారి నేనన్నాను, "నిజం చెప్పేస్తే ఏమవుతుంది? ఇప్పుడు నీ పరువు పోతున్నది గదా?"

"నా పరువుకు అలవాటే సారు, పోతది, వస్తది. ఆ పిల్ల ఒక్కసారి పోతే రాదు."

పండుగ అయిన మరుసటి వారం గోరీ వచ్చింది. సాయంత్రం ప్రాక్టీసు వేళ రైలు దిగి నేరుగా మైదానానికే వచ్చింది, భుజానికి సంచి అలాగే ఉంది. గోడ మీద కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. పోశయ్య దిగి ఎదురుపోయాడు.

"వచ్చినవా బిడ్డా! నీకు మస్తు అన్యాలం చేసిండ్రు. నువ్వుంటే కప్పు మనదే. గీ మనిషిని మేం ఊకెనే ఇడిచిపెట్టలే, కడిగిపారేసినం."

గోరీకి అర్థం కాలేదు. పోశయ్యను చూసింది. గీత దగ్గర కోన్‌లు పేరుస్తున్న యోహానును చూసింది. చివరికి షారోన్ వైపు చూసింది. షారోన్ వేళ్లతో గ్లవ్ అంచు లాక్కుంటోంది. ఇంతకాలం ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఈ సంగతి మాత్రం షారోన్ చెప్పలేదని అప్పుడు నాకు తెలిసింది.

యోహాను గబగబా వచ్చాడు. "సంచి పక్కకు బెట్టు గోరీ. ఉరుకు, రెండు రౌండ్లు కొట్టు."

గోరీ కదల్లేదు.

"నాకెవ్వరు అన్యాలం చెయ్యలే కాకా," అంది. "నేనే రాలే. మాకు తీజ్ ఉండె. నేను దొంగతనంగ వస్తనన్న. యోహాను సారే తండాకొచ్చి, వద్దు, నీ పండుగ నువ్వు చేసుకో అన్నడు."

గోరీ సంచి పట్టీని రెండు చేతులా గట్టిగా పట్టుకుని నిలబడింది. అనితకు ఏం జరిగిందో ఆ పిల్లకు తెలుసు. తెలిసే చెప్పింది.

వెనకనుంచి ఎవడో నవ్వుతూ అన్నాడు. "నేన్ చెప్పలే? తండా పిల్లలను నమ్ముకుంటే—"

పోశయ్య గిరుక్కున తిరిగాడు. "నోర్ముయ్‌రా! సద్దుల బతుకమ్మ నాడు మీ అక్కను మ్యాచుకు తోలుతవా నువ్వు? మా ఇంట్ల ఆడోళ్లను ఎవడన్న తోల్కపోతనంటే వాని కాళ్లు ఇరగ్గొడుత. పండుగంటే పండుగే!"

అన్నవాడు గోడ అవతలికి దిగిపోయాడు. పోశయ్య ఇటు తిరిగి యోహాను ముందుకు వచ్చాడు. కోపం ఇంకా దిగలేదు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"నువ్వు మనిషివా? గిన్నొద్దులు నాతోని తిట్టిచ్చుకుంటవా? ఒక్క మాట చెప్తే నీ నోట్ల ముత్యాలు రాలుతయా? ఇప్పుడు గా తిట్లన్ని నేనేడ పెట్టుకోవాలె?"

"ఉంచుకో పోశన్నా. వచ్చే మ్యాచుల పనికొస్తయి."

ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. పోశయ్య నవ్వలేదు. నేరుగా షారోన్ దగ్గరికి పోయి, ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బిడ్డా, గా రెండో గోలు ఆపుడు ఎవ్వల తరం గాకపోయేది."

"అయ్యేది తాతా," అంది షారోన్. "గోరీ అయితే ఆపేది. నా చేతులు జారినయి."

"నువ్వు మీ నాయినకన్న మొండిదానివి," అన్నాడు పోశయ్య. పోయి గోడ మీద తన చోట కూర్చున్నాడు. ఆ సాయంత్రం గోరీ బంతి ఆపిన ప్రతిసారీ అరిచాడు. షారోన్ ఆపినప్పుడు ఇంకా గట్టిగా అరిచాడు.

యోహాను మాత్రం కోన్‌ల దగ్గర వంగి చాలాసేపు లేవలేదు. బూట్ల లేసు కట్టుకుంటున్నాడని పిల్లలు అనుకున్నారు. అతను ఆ రోజు చెప్పులు వేసుకుని వచ్చాడు.

చీకటి పడేసరికి గోరీ హాస్టల్ గేటు మూసే వేళ దాటిపోయింది. యోహాను వార్డెన్‌కు ఫోన్ చేసి చెప్పాడు. నేను ముగ్గుర్నీ రఘునాథపల్లిలో దింపాను. అతని భార్య నన్నూ అన్నానికి ఉండమంది. అన్నం, చింతచిగురు పప్పు. చాలా రోజుల తర్వాత నేను మారు వడ్డించుకున్నాను. తిన్నాక అమ్మాయిలిద్దరూ లోపలి గదిలో చాప వేసుకుని పడుకున్నారు. గోరీ తీజ్ పాట ఒకటి నేర్పుతోంది, షారోన్ తప్పు పాడుతోంది, ఇద్దరూ నోళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. బయట మేమిద్దరం మంచం మీద కూర్చుని విన్నాం. కొంతసేపటికి పాట మధ్యలోనే ఆగిపోయింది.

నేను చెప్పులేసుకున్నాను. యోహాను నన్ను సాగనంపడానికి లేచి, దారిలో లోపలికి తొంగి చూశాడు. ఇద్దరూ నిద్రపోయారు. అతను ఫ్యాను ఒక పాయింటు తగ్గించి, తలుపును మెల్లగా పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.